జింజర్ చివర ఉన్నది మన వేరే

ఇంగ్లీషు వాళ్ళ జింజర్ అనే మాటని పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ పోతే చివరికి ఎక్కడ తేలతామో తెలుసా? చెట్టు వేరు, వట్టివేరు, వేరుశెనగ అంటుంటామే, ఆ వేరు దగ్గర. అయితే అది నేరుగా తెలుగులోంచి వెళ్ళలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇలాంటివి వాట్సాప్‌లోకి ఎక్కేసరికి ఫలానా భాషే అన్నిటికీ తల్లి అనే గొడవగా మారిపోతాయి, ఆ గొడవలో అసలు కథ ఎవరికీ పట్టదు. నాకు ఆ అసలు కథంటే చాలా ఇష్టం. ఒక మాట రెండు వేల ఏళ్ళకి పైగా పడవల్లో, ఒంటెల మీద, వైద్యుల పుస్తకాల్లో, కిరాణా చిట్టాల్లో తిరిగి తిరిగి, దారిలో ప్రతి ఊళ్ళోనూ కొంచెం అరిగి, కొంచెం అతుకు పడి, ఇప్పుడు మన ఇంట్లోకి జింజర్ బిస్కెట్ ప్యాకెట్ మీద అచ్చయి తిరిగొచ్చిందంటే దాని దారి చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది.

ముందు ఇంగ్లీషు లోపలే ఉన్న పాత రూపాలు చూద్దాం. ఇంచుమించు వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో ఇది జింజిఫెర్. రెండు అచ్చుల మధ్య వచ్చిన ఫకారాన్ని వాళ్ళు వకారంగా పలికేవాళ్ళు, కాబట్టి చెవికి వినిపించేది జింజివెర్ లాంటిది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు వరదలా వచ్చిపడ్డాయి కదా, వాటితోపాటే పాత ఫ్రెంచి జింజివ్ర్ కూడా వచ్చి, అప్పటికే ఉన్న మాటతో కలిసిపోయింది. ఆ తర్వాత వాడుకలో అరిగిపోయి, మధ్యలో ఉన్న ‘వ’ ఊడిపోయి, జింజర్ మిగిలింది. ఆ ఊడిపోయిన వకారాన్ని గుర్తుపెట్టుకోండి, దానితో మనకి ముందు ముందు పని ఉంది.

ఇరుగుపొరుగు భాషల్లో ఇంకో రకంగా అరిగింది. ఇటాలియన్‌లో జెంజెరో, జర్మన్‌లో ఇంగ్వర్, రష్యన్‌లో ఇంబీర్. జర్మన్‌లో మాట ముందున్న హల్లు పోయింది కానీ వెనకాల ‘వర్’ భద్రంగా ఉంది. ఇంగ్లీషులో ముందుది నిలిచింది, మధ్యది పోయింది. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప పాత రూపం ఎలా ఉండేదో పట్టుకోలేం. భాషావేత్తలు చేసే పని ఇదే, ఒక్కో భాషలో మిగిలిన ముక్కని తెచ్చి అతికించడం. 1952లో అలన్ రాస్ అనే ఇంగ్లీషు భాషావేత్త ఈ ఒక్క మాట మీదే ఒక పుస్తకం రాశాడు! ఒక్క మాటకి ఒక పుస్తకం అంటే ఎక్కువే అనిపిస్తుంది కానీ, ఇది తిరిగిన భాషల లెక్క చూస్తే అది తక్కువే అంటాను నేను.

జింజర్‌బ్రెడ్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. అందులో బ్రెడ్ అనేది మొదట్లో లేనే లేదు. పాత ఫ్రెంచిలో జింజెబ్రాస్ అంటే పాకంలో నిలవ పెట్టిన అల్లం. ఆ చివరి ‘బ్రాస్’ ఏమిటో ఇంగ్లీషు వాళ్ళకి అర్థం కాలేదు, తమకు తెలిసిన బ్రెడ్‌లా వినిపించింది, దాన్నే పలికారు, కొన్నాళ్ళకి ఆ పేరుతో పిలిచే తినుబండారమే మారిపోయింది. అర్థం కాని ముక్కని తెలిసిన ముక్కగా మార్చుకోవడం అన్ని భాషల వాళ్ళూ చేస్తారు. సంస్కృత పండితులు కూడా ఇదే మాట విషయంలో అచ్చంగా ఇదే పని చేశారు, ఆ సంగతికి వస్తున్నా.

ఫ్రెంచికి ముందు లాటిన్, లాటిన్‌కి ముందు గ్రీకు. గ్రీకులో జింగిబెరిస్. క్రీస్తు శకం 1వ శతాబ్దంలో డయోస్కోరిడీస్ అనే గ్రీకు వైద్యుడు తన ఓషధుల గ్రంథంలో దీని గురించి రాశాడు. అదే శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ కూడా రాశాడు. కొంతమంది దీన్ని మిరియాల చెట్టు వేరు అనుకుంటున్నారు, అది కాదు, రుచి మాత్రం అలాగే ఉంటుంది అంటాడు. ధర కూడా చెప్పాడు, పౌను బరువుకి 6 దెనారీలు, అంటే రోమన్ల వెండి నాణేలు. నల్ల మిరియాలు పౌనుకి 4 అని అక్కడే ఉంది, అంటే రోమ్‌లో అల్లం మిరియాల కన్నా ఖరీదు. ఇంకో మాట అంటాడు, ఇంత ఘాటైన వస్తువు అయినా తొందరగా పుచ్చిపోతుందని. నాకు ఆ వాక్యం చదవగానే మా వంటింట్లో శొంఠి డబ్బా గుర్తొచ్చింది. పైకి గట్టిగా రాయిలా కనిపిస్తుంది, విరిస్తే లోపల పురుగు తొలిచిన పొడి రాలుతుంది. ఎండబెట్టి ఓడల్లో నెలల తరబడి తీసుకెళ్ళిన సరుకు రోమ్ చేరేసరికి ఎలా ఉండి ఉంటుందో శొంఠి కొన్న ఎవరికైనా తెలుసు.

విచిత్రం ఏమిటంటే ప్లినీ, డయోస్కోరిడీస్ ఇద్దరూ అల్లం అరేబియాలోనూ, ఎర్రసముద్రానికి పడమటి ఒడ్డున ఉన్న దేశంలోనూ పండుతుందని రాశారు. మిరియాలు ఇండియావని తెలుసు వాళ్ళకి, అల్లం సంగతే తేడాగా ఉంది. మధ్యలో వ్యాపారం చేసే అరబ్బుల దగ్గర కొనేవాళ్ళకి సరుకు ఎక్కడ పుట్టిందో తెలియకపోవడం మామూలే. నేను దీన్ని అలాగే అర్థం చేసుకుంటున్నా. సరుకు పుట్టిల్లు మరుగున పడినా పేరు మాత్రం సరుకుతోపాటే ప్రయాణం చేసింది. తర్వాతి కాలంలో ఆ మరుగు తొలిగింది. 14వ శతాబ్దపు ఫ్లారెన్స్ వర్తకుడు పెగొలోట్టి తన వ్యాపార పుస్తకంలో అల్లం రకాలు చెబుతూ ఒకదాన్ని కొలొంబినో అన్నాడు, అంటే కొల్లం రేవు సరుకు. మనం గుంటూరు మిర్చి అన్నట్టు వాళ్ళు కొల్లం అల్లం అనేవాళ్ళన్నమాట.

ఈ మాటకి తూర్పు వైపు ఇంకో కొమ్మ ఉంది. అరబ్బీలో జంజబీల్. చివరి ‘ర’ కాస్తా ‘ల’ అయింది. ఖురాన్ 76వ సూరాలో స్వర్గంలో ఇచ్చే పానీయంలో జంజబీల్ కలిపి ఉంటుందని వస్తుంది. అరబ్బీ నుంచి యునానీ వైద్యంతోపాటు ఆ మాట హైదరాబాదుకి కూడా వచ్చింది. పాతబస్తీలో యునానీ మందుల దుకాణానికి వెళ్ళి అజీర్తికి ఏదైనా ఇవ్వమంటే జవారిష్ జంజబీల్ అనే లేహ్యం డబ్బా చూపిస్తారు. బేకరీలో జింజర్ బిస్కెట్, మలయాళీ భోజనంలో పులి ఇంజి అనే అల్లం, చింతపండు పచ్చడి, హకీము దగ్గర జంజబీల్. మూడూ ఒకే మాట, మూడు దారుల్లో తిరిగి ఒకే ఊరు చేరాయి.

ఇప్పుడు మన దేశంలోకి వద్దాం, ఇక్కడే అసలు సరుకంతా ఉంది. పాళీ భాషలో ఈ మాట సింగివేర. వినయం అనే బౌద్ధ భిక్షువుల నియమావళిలో, వాళ్ళు జబ్బు చేసినప్పుడు వాడుకోవచ్చని బుద్ధుడు అనుమతించిన వేళ్ళ మందుల జాబితా ఒకటి ఉంది. అందులో పసుపు, సింగివేర, వస, అతివస, కటుకరోహిణి, వట్టివేరు, తుంగముస్తలు వరసగా వస్తాయి. మా నాయనమ్మ తరం వాళ్ళ మందుల పెట్టె తెరిస్తే దాదాపు ఇవే ఉండేవి. సంస్కృతంలో అదే మాట శృంగవేరం, శృంగబేరం అని కూడా రాస్తారు. అమరకోశం వల్లె వేసిన వాళ్ళకి ‘ఆర్ద్రకం శృంగబేరం స్యాత్’ అనే పాదం గుర్తుండే ఉంటుంది. రామాయణంలో గుహుడు రాముణ్ణి కలిసిన ఊరు శృంగబేరపురం కూడా తెలుసు. ప్రయాగ దగ్గర గంగ ఒడ్డున ఉన్న ఆ ఊరికి శృంగి మహర్షి పేరు మీదుగా ఆ పేరు వచ్చిందని అక్కడివాళ్ళు చెప్తారు, కానీ అక్షరాల్లో కనిపించేది మాత్రం అల్లం మాటే.

శృంగం అంటే కొమ్ము. బేరం అంటే శరీరం అని నిఘంటువులు చెప్తాయి. కొమ్ము లాంటి ఒళ్ళు ఉన్నది కాబట్టి శృంగబేరం అని వివరణ. ఈ వివరణ తెలుగువాళ్ళకి వెంటనే నచ్చుతుంది, ఎందుకంటే మనం కూడా పసుపు కొమ్ము, శొంఠి కొమ్ము, అల్లం కొమ్ము అనే అంటాం. ఒక అల్లం కొమ్ము చేతిలోకి తీసుకుని చూస్తే జింక కొమ్ములాగే కణుపు కణుపుకీ చీలి ఉంటుంది. కాబట్టి ఆ పోలిక చూసినవాడు గుడ్డిగా చూశాడని నేను అనను. కానీ మాట పుట్టింది అలా కాదు. చాలాకాలం ఇంగ్లీషు నిఘంటువులు కూడా ఈ మాట సంస్కృతంలోంచి వచ్చిందని రాసి, అక్కడితో ఆగిపోయాయి. ఇప్పటికీ నెట్‌లో ఎక్కువమంది అక్కడే ఆగుతారు. నాకు బాధ కలిగించేది అదే, ఇంకొక్క మెట్టు ఎక్కితే కనిపించేది చాలా ఉంది.

ఆ మెట్టు ఇది. తమిళంలో, మలయాళంలో అల్లాన్ని ఇంజి అంటారు. వేరుని వేర్ అంటారు. ఇంజి వేర్ అంటే అల్లపు వేరు. సంస్కృతంలో బేరం అంటే శరీరం అని నిఘంటువులో తప్ప రోజువారీ మాటల్లో కనపడదు, అదే దక్షిణాదిన వేర్, వేరు, కన్నడలో బేరు, రోజూ నోట్లో ఆడే మాట. అందులోనూ ఆ బౌద్ధుల జాబితా దేనిది? వేళ్ళ మందులది. వాడేవాళ్ళ దృష్టిలో అల్లం ఒక వేరు. వృక్షశాస్త్రం ప్రకారం అది భూమిలో పెరిగే కాండం, అది వేరే విషయం, కూరగాయల బండి దగ్గర ఆ తేడా ఎవరూ అడగరు.

మరి ఇంజికి, సింగికి పొత్తు ఎలా కుదిరింది? ముందు ఆ ‘స’ ఎక్కడిది? ఇక్కడ నాకు అన్నిటికన్నా నచ్చిన సాక్ష్యం మన ఆదిలాబాద్ అడవుల్లో ఉంది. ఐదుని గోండీలో సైయుంగ్ అంటారు. ఆరుని సారుంగ్ అంటారు. ఉప్పుని కొలామీలో సుప్ అంటారు. మన ఐదు, ఆరు, ఉప్పు పక్కన వీటిని పెట్టి చూడండి. ఆ భాషల్లో మాట మొదట్లో ఒక సకారం ఉంది, మన దగ్గర లేదు, తమిళంలోనూ లేదు. ఒకటి రెండు మాటల్లో అయితే యాదృచ్ఛికం అనుకోవచ్చు, ఇలాంటివి వరసగా దొరుకుతుంటే అది నియమం. మూల ద్రావిడంలో, అంటే ఈ భాషలన్నిటికీ మూలమని భాషావేత్తలు చెప్పే పాత భాషలో, ఈ మాటలు చకారంతో మొదలయ్యేవి, ఆ చకారం కొన్ని భాషల్లో సకారమై, తర్వాత హకారమై, చివరికి తమిళం లాంటి భాషల్లో చాలా మాటల్లో పూర్తిగా పోయింది. ఒంగోలులో పుట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న భద్రిరాజు కృష్ణమూర్తి గారు జీవితమంతా తవ్వింది ఇలాంటి మార్పుల్నే. తెలుగుకి తమిళం కన్నా గోండీ దగ్గరి చుట్టం అనే సంగతి కూడా మనలో చాలామందికి తెలియదు. మనం పోగొట్టుకున్న చప్పుడు ఆ చుట్టాల ఇంట్లో ఇప్పటికీ వినిపిస్తోంది.

ఇప్పుడు ఇదే నియమం అల్లానికి పెట్టండి. ఇంజికి ముందు ఒక చకారం ఉండి ఉండాలి. భాషావేత్తలు పాత రూపాన్ని చింకి వేర్ అని కడతారు. లోపల ఉన్న ‘ఙ్క’ తమిళంలో ‘ఞ్జ’ అయింది, ముందున్న చకారం పోయింది, ఇంజి మిగిలింది. సంగం కాలపు తమిళ పద్యాల్లోనే అప్పటికి ఇంజి అని ఉంది. కానీ అంతకుముందే, లేదా ఆ చప్పుడు ఇంకా పోని ఏదో దక్షిణాది భాష మాట్లాడేవాళ్ళ దగ్గర్నుంచి, ఉత్తరాది వాళ్ళు ఆ సరుకుని, పేరుని కలిపి తీసుకున్నారు. కాబట్టి పాళీలో సింగివేర అని సకారం, గకారం రెండూ భద్రంగా ఉన్నాయి. ‘సింగి’ చివర ఉన్న ఆ ఇకారం కూడా గమనించండి, శృంగం నుంచి వచ్చి ఉంటే అక్కడ ఇకారానికి పని లేదు, చింకి నుంచి అయితే ఉండాల్సిందే. సంస్కృత పండితులు ఆ మాట విని, తమకు తెలిసిన శృంగంతో ముడిపెట్టి, సంస్కరించి శృంగవేరం చేశారు. జింజెబ్రాస్‌ని బ్రెడ్ చేసిన ఇంగ్లీషు వాళ్ళ పనే ఇది కూడా.

అంటే లండన్‌లో ఎవరైనా జింజర్ అన్నప్పుడు వాళ్ళ నోట్లో ముందు ఉన్నది తమిళం కూడా పోగొట్టుకున్న హల్లు తాలూకు వారసత్వం. వెనక ఉన్న ‘ర్’ మన వేరులో మిగిలిన రేఫ. మధ్యలో ఊడిపోయిన వకారం ఏమిటో ఇప్పుడు చెప్పక్కర్లేదు. మొక్కకి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు జింజిబెర్ అఫిసినాలే, 1807లో విలియం రాస్కో స్థిరపరిచిన పేరు. అందులో ‘బెర్’ ఇంకా స్పష్టంగా ఉంది. పసుపు, ఏలకులు, కచ్చూరాలు అన్నీ చేరే కుటుంబానికి కూడా ఇదే పేరు మీద జింజిబెరేసీ అంటారు. వృక్షశాస్త్రం చదివిన పిల్లలు ఈ పేరుని కష్టపడి బట్టీ పడతారు, అందులో వేరు ఉందని క్లాసులో ఒక్కసారి చెప్తే చాలు, జన్మలో మర్చిపోరు.

మరి తెలుగులో ఇంజి ఎందుకు లేదు? పచ్చిది అల్లం, ఎండితే శొంఠి, మనకి ఉన్నవి ఈ రెండే. శొంఠి సంస్కృతం శుంఠి నుంచి వచ్చింది. అల్లాన్ని ఆర్ద్రకంతో ముడిపెడతారు. ఆర్ద్రం అంటే తడి, ప్రాకృతంలో తడిని అల్ల అనేవాళ్ళు, అలా పచ్చిగా తడిగా ఉన్నది అల్లం అయింది. హిందీ అదరక్ కూడా ఆర్ద్రకం బిడ్డే. నాకు ఆశ్చర్యంగా అనిపించేది ఇక్కడే. అమరకోశంలో ఆ పాదం మళ్ళీ చదవండి, ఆర్ద్రకం, శృంగబేరం. రెండు మాటలూ పక్కపక్కన కూర్చుని ఉన్నాయి. ఉత్తరాదిలో పుట్టిన ఆర్ద్రకం దక్షిణానికి దిగి మన పెసరట్టు మీద అల్లం అయింది, దక్షిణాదిలో పుట్టిన సింగివేర ఉత్తరానికి ఎక్కి అక్కణ్ణుంచి సముద్రాలు దాటి జింజర్ అయింది.

వేరు ఇంగ్లీషులోకి ఇంకోసారి కూడా వెళ్ళింది, ఈసారి దొంగచాటుగా కాదు, ఉన్నదున్నట్టు. సెంటు సీసాల మీద వెటివర్ అని ఉంటుంది చూడండి, అది తమిళ వెట్టివేర్, ఫ్రెంచి వాళ్ళ ద్వారా ఇంగ్లీషుకి చేరింది. ఎండాకాలం కూలర్లకి, కిటికీ తడికలకి కట్టే మన వట్టివేళ్ళే అవి. ఇది ఈమధ్య వెళ్ళిన మాట కాబట్టి అరగడానికి ఇంకా టైం దొరకలేదు. బుద్ధుడి జాబితాలో అల్లం, వట్టివేరు రెండూ ఉన్నాయని ఇందాక చెప్పానా, ఆ రెండూ ఇంగ్లీషులో మన వేరుని మోస్తున్నాయి, ఒకటి కనపడకుండా, ఒకటి కనపడుతూ.

చింకికి ముందు ఏముంది అనే ప్రశ్న ఎలాగూ వస్తుంది. సాగు చేసే అల్లం గింజ కట్టదు. ముక్క నాటితేనే మొలుస్తుంది. అడవిలో దానంతట అది పెరిగే అల్లం ఎక్కడా కనపడలేదు కూడా. అంటే ప్రపంచంలో ఎక్కడ అల్లం మడి ఉన్నా, దాని తొలి ముక్కని ఎవరో ఒకరు చేత్తో పట్టుకుని తీసుకెళ్ళి నాటినట్టే, పేరు కూడా ఆ మనిషి నోటితోనే వెళ్ళి ఉంటుంది. ఈ మొక్క పుట్టిల్లు ఆగ్నేయాసియా దీవుల వైపు అంటారు. థాయ్‌లో అల్లాన్ని ఖింగ్ అంటారు, వియత్నాంలో గుంగ్ లాంటి మాట, చైనాలో జియాంగ్. వీటిని మన చింకితో కలపాలని చూసినవాళ్ళు ఉన్నారు. వినడానికి బాగుంది, నాకూ నిజమైతే బాగుండుననిపిస్తుంది. కానీ చింకి నుంచి ఇంజి వరకు వచ్చిన దారిలో మనకి ఐదు, ఆరు, ఉప్పు సాక్ష్యం చెప్పాయి, మారిన ప్రతి చప్పుడుకీ ఒక నియమం ఉంది. ఖింగ్ నుంచి చింకి దాకా అలాంటి నియమం ఎవరైనా చూపిస్తే, ఇంకో నాలుగు మాటలు అదే పద్ధతిలో మారాయని నిరూపిస్తే, అప్పుడు ఒప్పుకుంటా. అంతవరకు నా లెక్కలో జింజర్ చిరునామా చింకి వేర్ దగ్గరే.